పుర్రెలు దాచుకున్న భవనం: హుండిస్‌బుర్గ్ కథ

1868 జనవరిలో లండన్‌లో చార్లెస్ డార్విన్ రాసిన రెండు సంపుటాల పుస్తకం ఒకటి వెలువడింది. మనిషి చేతిలో పడ్డ జంతువులు, మొక్కలు ఎలా మారుతూ వచ్చాయన్నది దాని విషయం. అందులో పందుల గురించిన భాగం తెరిస్తే ఒక జర్మన్ పేరు మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. ఆ పేరు హెర్మాన్ ఫాన్ నటూజియుస్. ఆయన విశ్వవిద్యాలయ ఆచార్యుడు కాదు, ఒక భూస్వామి. జీవపరిణామం గురించి డార్విన్ చెప్పిన సిద్ధాంతాన్ని ఆయన అంగీకరించలేదు కూడా. అయినా పందుల విషయంలో డార్విన్ ఆయన మాట మీదే ఎక్కువగా ఆధారపడ్డారు. ఎందుకంటే నటూజియుస్ దగ్గర పుర్రెలున్నాయి. అడవి పందులవి, యూరప్ పెంపుడు పందులవి, ఆసియా నుంచి వచ్చిన పందులవి. ఆయన వాటిని కొలిచారు, పోల్చారు, పందులను స్వయంగా పెంచి చూశారు.

ఈ పనంతా జరిగిన చోటు హుండిస్‌బుర్గ్. జర్మనీలోని సాక్సనీ-అన్‌హాల్ట్ రాష్ట్రంలో, మాగ్డెబుర్గ్ నగరానికి వాయవ్యంగా పాతిక కిలోమీటర్ల దూరంలో, హాల్డెన్స్‌లెబెన్ అనే చిన్న పట్టణాన్ని ఆనుకుని ఉంటుంది. ఒకప్పుడు అది కోట. తర్వాత భూస్వామి భవనం అయింది. ఆ తర్వాత కర్మాగారాల యజమాని ఇల్లు, పశువుల పెంపకంలో ప్రయోగశాల, మంటల్లో కాలిన శిథిలం. ఇప్పుడు మళ్లీ భవనం. తెలంగాణ గడీలు చూసినవారికి ఇలాంటి కట్టడం పూర్తిగా కొత్తగా అనిపించదు. ఇల్లు, ఆఫీసు, ధాన్యపు కొట్టు, అధికార పీఠం అన్నీ ఒకే ప్రహరీ లోపల ఉండే చోటు అది.

కోట ఎందుకు భవనమైంది?

బేబెర్ అనే చిన్న ఏటి లోయ మీదికి పొడుచుకు వచ్చిన రాతి గట్టు మీద హుండిస్‌బుర్గ్ ఉంది. లిఖిత ఆధారాల్లో దాని ప్రస్తావన 1140లో మొదటిసారి కనిపిస్తుంది. ఆ రోజుల్లో కోట కట్టాలనుకునేవాడు ముందు చూసేది ఇలాంటి గట్టునే. మూడు వైపులా నేల కిందికి జారిపోతుంది కాబట్టి శత్రువు రాగల దారి ఒక్కటే మిగులుతుంది. ఆ ఒక్క వైపు కందకం తవ్వి, గోడ గట్టిగా కడితే చాలు. నీళ్లు కింద ఏటిలో ఉన్నాయి, రాయి కాళ్ల కిందే ఉంది.

1452లో ఈ కోట ఆల్వెన్స్‌లెబెన్ అనే కులీన కుటుంబం చేతికి వచ్చింది. దాదాపు మూడున్నర శతాబ్దాల పాటు వాళ్లదే. సరిగ్గా ఈ కాలంలోనే యూరప్‌లో యుద్ధం తీరు మారిపోయింది. ఎత్తుగా నిలబెట్టిన రాతి గోడకు ఫిరంగి గుండు పెద్ద శత్రువు. ఎత్తు పెరిగేకొద్దీ గోడ తేలికగా కూలుతుంది, కూలిన రాళ్లు కందకాన్ని పూడ్చి శత్రువుకే దారి వేస్తాయి. ఫిరంగిని తట్టుకోవాలంటే గోడ పొట్టిగా, లావుగా, వెనుక మట్టి నింపి, వాలుగా ఉండాలి. అంత ఖర్చు రాజులు భరించగలరు కానీ ఒక మామూలు భూస్వామి వల్ల కాదు. దాంతో జర్మనీ అంతటా వందలాది చిన్న కోటలకు సైనికంగా విలువ లేకుండా పోయింది.

కానీ వాటిని వదిలేసి వెళ్లినవాళ్లు తక్కువ. పునాదులు అక్కడే ఉన్నాయి. రాయిని బండి మీద పది కిలోమీటర్లు తోలుకుపోవడం కంటే పాత గోడ మీదే కొత్త గోడ లేపడం చవక. పైగా చుట్టుపక్కల పొలాల మీద హక్కులు, పన్నులు, న్యాయాధికారం అన్నీ ఆ స్థలానికే ముడిపడి ఉండేవి. అందుకే బాణాలు వేసే సందులున్న చోట కిటికీలు వచ్చాయి, కందకం ఉన్న చోట తోటలు వచ్చాయి. హుండిస్‌బుర్గ్‌లోనూ అదే జరిగింది. 16వ శతాబ్దంలో ఆల్వెన్స్‌లెబెన్ కుటుంబం దాన్ని పునర్వికాస కాలపు శైలిలో నివాసంగా మార్చుకుంది. 1694 నుంచి ఆ వంశానికే చెందిన యోహాన్ ఫ్రీడ్రిష్ కోసం హెర్మాన్ కోర్బ్ అనే వాస్తుశిల్పి దాన్ని బరోక్ భవనంగా తీర్చిదిద్దారు. పాత కట్టడాన్ని నేలమట్టం చేయకుండా చాలా భాగాన్ని కొత్తదానిలో కలిపేసుకున్నారు. ముందు నుంచి చూస్తే అంతా సౌష్ఠవం. లోపల గోడల మందం మాత్రం గదికో రకంగా ఉంటే అందులో ఆశ్చర్యం లేదు. ఇలాంటి భవనాల్లో ప్లాస్టర్ వెనుక మూడు నాలుగు శతాబ్దాలు పక్కపక్కనే నిలబడి ఉంటాయి.

పొగాకు వ్యాపారి కొన్న ఎస్టేటు

1811లో హుండిస్‌బుర్గ్‌ను కొన్నది కులీనుడు కాదు. యోహాన్ గాట్‌లోబ్ నటూజియుస్ 1760లో సామాన్య కుటుంబంలో పుట్టి, వర్తకుల దగ్గర పని నేర్చుకున్న మనిషి. ప్రష్యా రాజ్యంలో పొగాకు మీద ప్రభుత్వ గుత్తాధిపత్యం తొలగిపోయిన తర్వాత మాగ్డెబుర్గ్‌లో పొగాకు తయారీ నడిపి ధనవంతుడయ్యారు. నెపోలియన్ సేనలు ఆ ప్రాంతాన్ని గెలుచుకున్నాక, మఠాల ఆస్తులు, పాత కుటుంబాల ఎస్టేట్లు అమ్మకానికి వచ్చాయి. ఆయన 1810లో పక్కనున్న ఆల్ట్‌హాల్డెన్స్‌లెబెన్‌లోని సన్యాసినుల మఠాన్ని, మరుసటి ఏడు హుండిస్‌బుర్గ్‌ను కొన్నారు.

ఆ రెండింటి నడుమ ఆయన నెలకొల్పినవాటిని చూస్తే ఒక చిన్న పారిశ్రామికవాడ కనిపిస్తుంది. బీరు బట్టీ, సారా బట్టీ, నూనె గానుగ, పిండి మరలు, ఇటుక బట్టీ, పింగాణీ సామాను తయారీ. ఇంకా చక్కెర. నెపోలియన్ బ్రిటన్‌తో వాణిజ్యాన్ని అడ్డుకోవడంతో చెరకు చక్కెర రావడం కష్టమైంది. బీట్ దుంపలోనూ చెరకులోనూ ఉన్నది ఒకే చక్కెర అని బెర్లిన్ రసాయన శాస్త్రవేత్త మార్‌గ్రాఫ్ 1747లోనే చూపించారు. ఆయన శిష్యుడు ఆషార్డ్ దాన్ని కర్మాగారం స్థాయికి తెచ్చారు. ధర పెరిగిన ఆ రోజుల్లో నటూజియుస్ కూడా ఈ దుంప చక్కెర తయారీకి దిగారు.

ఆ ప్రాంతపు నేల దీనికి తోడైంది. హుండిస్‌బుర్గ్‌కు దక్షిణంగా మాగ్డెబుర్గ్ బోర్డే అనే మైదానం పరుచుకుని ఉంటుంది. మంచుయుగంలో గాలి మోసుకొచ్చి పరిచిన సన్నని ధూళి మీద ఏర్పడిన నల్లమట్టి నేల అది. 1930లలో జర్మనీ తన సాగునేలలకు మార్కులు వేసినప్పుడు నూటికి నూరు ఇచ్చి కొలబద్దగా పెట్టుకున్నది ఈ బోర్డేలోని ఐకెన్‌డోర్ఫ్ పొలాన్నే. మన నల్లరేగడి లావా రాతి మీద పుట్టింది, ఇది గాలి తెచ్చిన ధూళి మీద పుట్టింది. రంగు ఒకటే, పుట్టుక వేరు.

ఒక ఎస్టేటులో ఇన్ని పరిశ్రమలు ఉంటే ఒకదాని వ్యర్థం ఇంకొకదానికి ముడిసరుకు అవుతుంది. బీరు బట్టీలో మిగిలిన పిప్పి, సారా బట్టీలో మిగిలిన మడ్డి, నూనె తీశాక మిగిలిన చెక్క, చక్కెర తీసేసిన దుంప పిప్పి అన్నీ మేతే. చేతినిండా చవక మేత ఉన్నవాడికి పశువుల మీద శ్రద్ధ పెరగడం సహజం. తండ్రి 1835లో మరణించారు. ఆ నాటికి హుండిస్‌బుర్గ్ పెద్ద కొడుకు హెర్మాన్ చేతుల్లో ఉంది.

రక్తమా, మేతా?

1809లో పుట్టిన హెర్మాన్ బెర్లిన్‌లో చదువుకున్నారు. ఆ కాలపు గొప్ప శరీరధర్మ శాస్త్రవేత్త యోహానెస్ మ్యుల్లర్ దగ్గర శరీరనిర్మాణం నేర్చుకున్నారు. తర్వాత నగరంలో ఉండిపోకుండా ఎస్టేటుకు తిరిగి వచ్చారు. ఇంగ్లండ్ నుంచి మేలు రకం గొర్రెలు, పశువులు, గుర్రాలు, పందులు తెప్పించి పెంచారు. అమ్మకానికి పెంచే జంతువులే ఆయన పరిశోధన సామగ్రి కూడా.

అప్పటి జర్మన్ పశుపోషకుల్లో ఒక నమ్మకం బలంగా ఉండేది. ఎన్నో తరాలుగా కలగలుపు లేకుండా వచ్చిన పాత జాతి మాత్రమే తన లక్షణాలను పిల్లలకు నిక్కచ్చిగా అందిస్తుందని, సంకరంతో పుట్టినది ఎంత బాగున్నా నమ్మదగింది కాదని వాళ్ల వాదన. గుర్రాల, మెరినో గొర్రెల వ్యాపారంలో ఇది మాటలకు పరిమితమైన వాదన కాదు. వంశవృక్షం ఉన్న పొట్టేలుకు ఒక ధర, లేనిదానికి ఇంకో ధర. హెర్మాన్ దీన్ని ఒప్పుకోలేదు. చూడవలసింది కాగితం మీది వంశాన్ని కాదని, ఎదురుగా ఉన్న జంతువును, అది ఇచ్చే ఫలితాన్ని అని ఆయన పట్టుబట్టారు. ఈ గొడవలో ఆయన చేతికి అందిన అసలైన ఆయుధం పంది పుర్రె.

1864లో ఆయన పెంపుడు జంతువుల చరిత్ర మీద, ముఖ్యంగా పంది పుర్రె ఆధారంగా, ఒక పుస్తకం ప్రచురించారు. అందులో రెండు పెద్ద విషయాలున్నాయి.

మొదటిది పూర్వీకుల గురించి. పెంపుడు పందులన్నిటినీ పుర్రె నిర్మాణాన్ని బట్టి రెండు గుంపులుగా విడదీయవచ్చని ఆయన చెప్పారు. ఒక గుంపు యూరప్ అడవి పందికి దగ్గర. రెండో గుంపు చైనా, సయాం వైపు నుంచి వచ్చిన పందులది. ఈ తేడాను పట్టిచ్చేవాటిలో ఒకటి కంటి గూటికి ముందుండే చిన్న ఎముక, కన్నీటి ఎముక. యూరప్ గుంపులో అది పొడవు, ఆసియా గుంపులో పొట్టి. రెండో గుంపుకు అడవి పూర్వీకుడు ఎవరో ఆనాడు తెలియదు. పాత పుస్తకాల్లో పల్లాస్ అనే ప్రకృతి శాస్త్రవేత్త పెట్టిన పేరు ముందుది కాబట్టి, నియమం ప్రకారం అదే వాడారు. ఆ పేరు 'సుస్ ఇండికా', అంటే భారతీయ పంది. చైనా పందికి భారతీయ పంది అన్న పేరు ఎలా వచ్చిందంటే, ఆనాటి యూరప్ దృష్టిలో సింధు నదికి తూర్పున ఉన్నదంతా ఒకే 'ఇండీస్'.

రెండోది మరింత ఆసక్తికరం. మేలురకం అని పేరుబడ్డ పందుల పుర్రె అడవి పంది పుర్రెలా ఉండదు. ముఖం కురచ, నుదురు నిటారు, తల వెడల్పు. ఇది రక్తం నుంచే వచ్చిందని అందరూ అనుకునేవారు. కొంత మాత్రమే అక్కడి నుంచి వచ్చిందని హెర్మాన్ అన్నారు. పశుపోషకుల అనుభవాన్ని, తన సొంత ప్రయోగాలను కలిపి చూసి, చిన్నతనంలో కడుపునిండా బలమైన మేత పెడితే తల వెడల్పుగా కురచగా పెరుగుతుందని, అర్ధాకలితో పెంచితే దానికి విరుద్ధంగా పొడవుగా సాగుతుందని తేల్చారు. దీనికి ఇంకో కారణం కూడా జోడించారు. అడవి పంది బతుకంతా ముట్టెతో నేల పెళ్లగించడమే. పిల్లగా ఉన్నప్పటి నుంచి మెడ కండరాలు తల వెనుక భాగాన్ని పట్టి లాగుతూ ఉంటాయి. తొట్టిలో మేత తినే పందికి ఆ పని లేదు. ఆ లాగుడు తగ్గితే పుర్రె వెనుక భాగం వేరే ఆకారం తీసుకుంటుంది.

అంటే ఏ పుర్రెను చూసి 'ఇది ఫలానా జాతి' అని నిపుణులు తీర్పు చెప్పేవారో, ఆ పుర్రెలో కొంత భాగాన్ని చెక్కింది వంశం కాదు, తొట్టి.

డార్విన్‌కు ఇది నచ్చడంలో వింత లేదు. జీవుల ఆకారం స్థిరం కాదని చెప్పడానికి ఆయన వెతుకుతున్న సాక్ష్యాల్లో ఇదొకటి. సాక్ష్యం ఇచ్చిన మనిషి తన సిద్ధాంతాన్ని ఒప్పుకున్నాడా లేదా అన్నది ఆయనకు ముఖ్యం కాలేదు. ఆ పుస్తకంలో సాక్ష్యాలు నిజంగానే నలుమూలల నుంచి వచ్చాయి. హుండిస్‌బుర్గ్ పందులు ఒక అధ్యాయంలో ఉంటే, పావురాల అధ్యాయం కోసం మద్రాసు నుంచి పక్షుల చర్మాలు పంపినవారు వాల్టర్ ఎలియట్. 1845లో అమరావతి స్తూపం దగ్గర తవ్వకాలు జరిపించిన మద్రాసు సివిల్ సర్వీసు అధికారి ఈయనే.

డీఎన్ఏ వచ్చాక

హెర్మాన్ చెప్పిన మొదటి విషయం పరీక్షకు నిలబడిందా? చాలావరకు నిలబడింది. 2000వ సంవత్సరం ప్రాంతం నుంచి డీఎన్ఏ ఆధారాలు వరుసగా వచ్చాయి. యూరప్ పందులు, తూర్పు ఆసియా పందులు వేర్వేరు అడవి పంది సమూహాల నుంచి విడివిడిగా మచ్చికయ్యాయని తేలింది. 2012లో పంది పూర్తి జన్యుక్రమం వెలువడినప్పుడు, యూరప్, ఆసియా అడవి పందులు సుమారు 10 లక్షల ఏళ్ల క్రితమే విడిపోయాయని అంచనా వేశారు. అవి రెండు వేర్వేరు జాతులు కావు, ఒకే జాతిలో బాగా దూరమైన రెండు శాఖలు. ఆ మేరకు 'సుస్ ఇండికా' అన్న పేరు నిలవలేదు. కానీ కొలబద్ద, భూతద్దం తప్ప ఇంకేమీ లేని మనిషి గీసిన గీత దాదాపు అదే చోట పడింది. 18, 19 శతాబ్దాల్లో ఇంగ్లండ్ రైతులు చైనా పందులను తెచ్చి తమ పందులతో కలిపిన ఆనవాళ్లు ఇప్పటి పెద్ద వాణిజ్య రకాల జన్యువుల్లో స్పష్టంగా కనిపిస్తాయి. హెర్మాన్ ఇంగ్లండ్ నుంచి తెప్పించుకున్నవి ఆ కాలపు పందులే.

రెండో విషయం, మేత సంగతి, కొంచెం చిక్కు. 1940 ప్రాంతంలో న్యూజిలాండ్‌కు చెందిన మెక్‌మీకన్ కేంబ్రిడ్జ్‌లో ఒక ప్రయోగం చేశారు. దగ్గరి రక్తసంబంధం ఉన్న పందిపిల్లలను గుంపులుగా విడదీశారు. ఒక గుంపుకు మొదటి నుంచి చివరి వరకు దండిగా మేత, ఒక గుంపుకు కొరతగా. ఇంకో రెండు గుంపుల్లో మధ్యలో పద్ధతి మార్చారు. ఎముక ముందు పొడవు పెరుగుతుంది, లావు తర్వాత పెరుగుతుంది. ఆకలి వేళ శరీరం ముందుగా పెరిగే భాగాన్ని కాపాడుకుని ఆలస్యంగా పెరిగే భాగాన్ని త్యాగం చేస్తుంది. అందుకే అర్ధాకలి పంది ఎముకలు సన్నగా పొడవుగా తేలతాయి. హెర్మాన్ పుర్రెల్లో చూసిన సాగిన ముఖానికి ఇది సరిపోయే వివరణ.

మరి నేల పెళ్లగించడం? 2020లో ఫ్రెంచ్ పరిశోధకుల బృందం ప్రచురించిన ఫలితాలు ఇక్కడ పనికొస్తాయి. ఒకే సమూహానికి చెందిన అడవి పందిపిల్లల్లో కొన్నింటిని ఇరుకు దొడ్డిలో, కొన్నింటిని చెట్లున్న పెద్ద ఆవరణలో పెంచారు. రక్తం ఒకటే, తరం కూడా మారలేదు. అయినా పెద్దయ్యాక వాటి మడమ ఎముక ఆకారంలో బందిఖానా ముద్ర కనిపించింది. పుర్రె మీదా ఇలాంటి పరిశీలనలు చేశారు. అయితే ఒక జీవితకాలపు బందిఖానా వేసే ముద్ర, వందల తరాల పెంపకం వేసే ముద్ర ఒకటి కావని కూడా వారి పనిలో తేలింది. పురావస్తు శాస్త్రవేత్తలకు ఇది పెద్ద విషయం. తవ్వకంలో దొరికిన పంది ఎముక అడవిదా, పెంపుడుదా, పట్టి కట్టేసిన అడవిదా అన్న ప్రశ్నకు ఇక్కడ దారి ఉంది.

రక్తం పాత్ర తక్కువేమీ కాదు. అడవి పందికి మెడకు, తుంటికి నడుమ 19 వెన్నుపూసలుంటే, యూరప్ వాణిజ్య రకాలకు 21 నుంచి 23 వరకు ఉంటాయి. ఎంత మేత పెట్టినా కొత్త వెన్నుపూస రాదు. అది జన్యువుల ఎంపిక. నడుము పొడవు వంశం పని, ముఖం పొడవులో కొంత తొట్టి పని. ఏది ఎంత అన్నది ఎముకను బట్టి మారుతుంది.

మనుషుల తలలు

హెర్మాన్ పందుల పుర్రెలు కొలుస్తున్న కాలంలోనే యూరప్ అంతటా మనుషుల పుర్రెలు కొలిచే అలవాటు ముదిరింది. తల పొడవు, వెడల్పుల నిష్పత్తి చూసి మనుషులను జాతులుగా, మెట్లుగా పేర్చేవారు. ఈ లెక్కంతా ఒక ఊహ మీద నిలబడింది: తల ఆకారం స్థిరం, అది రక్తం నుంచే వస్తుంది, పరిసరాలు దాన్ని తాకవు. ఒక పంది జీవితకాలంలోనే తల ఆకారం మేతను బట్టి మారుతుందని 1864లోనే అచ్చులో ఉంది. మనుషుల తలలు కొలిచేవారిలో ఎక్కువమంది ఆ వైపు చూడలేదు.

ఆ కొలబద్దలు భారతదేశానికీ వచ్చాయి. బెంగాల్‌లో హెర్బర్ట్ రిస్లీ ముక్కు వెడల్పు, పొడవుల నిష్పత్తితో కులాలను వరుసలో పెట్టారు. 1901 జనాభా లెక్కలకు కమిషనర్ ఆయనే. మద్రాసు మ్యూజియం అధిపతి ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణాదిలో తలలు, ముక్కులు కొలిచారు. 1909లో ఏడు సంపుటాలుగా వచ్చిన ఆయన పుస్తకంలో తెలుగు కులాల కొలతలూ ఉన్నాయి. రిస్లీ బెంగాల్ కొలతలను 1933లో పీసీ మహలనోబిస్ తిరగేసి చూశారు. వాటిలోని పొరపాట్లను, పొసగని అంకెలను ఒక్కొక్కటిగా బయటపెట్టారు. రెండు సమూహాల మధ్య దూరాన్ని అనేక కొలతలు కలిపి లెక్కించే పద్ధతిని ఆయన 1936లో పూర్తి రూపంలో ఇచ్చారు. ఇవాళ ఉపగ్రహ చిత్రాల విశ్లేషణ నుంచి కంప్యూటర్ అభ్యసనం దాకా వాడుతున్న 'మహలనోబిస్ దూరం' అలా మనుషుల కొలతల లెక్కల్లోంచే పుట్టింది.

అమెరికాలో ఫ్రాంజ్ బోయాస్ సరిగ్గా హెర్మాన్ అడిగిన ప్రశ్ననే మనుషుల విషయంలో అడిగారు. న్యూయార్క్‌కు వలస వచ్చిన కుటుంబాల్లో సుమారు 18,000 మందిని కొలిచి, అమెరికాలో పుట్టిన పిల్లల తలలు తల్లిదండ్రుల తలల కంటే తేడాగా ఉన్నాయని చెప్పారు. ఆ అంకెల మీద చర్చ ఇంకా ఆగలేదు. 2002లో ఒక బృందం మళ్లీ లెక్కవేసి తేడా చాలా స్వల్పమంది. మరుసటి ఏడే ఇంకో బృందం బోయాస్ చెప్పింది మొత్తం మీద సరైనదేనంది. పందిని దొడ్డిలో పెట్టి మేత మార్చి చూడవచ్చు. మనిషితో ఆ పని కుదరదు కాబట్టి తీర్పు ఎప్పుడూ కొంత మసకగానే ఉంటుంది.

మంటల తర్వాత

హెర్మాన్ తర్వాతి కాలంలో బెర్లిన్‌కు మారి ప్రష్యా వ్యవసాయ పాలనలో పెద్ద బాధ్యతలు నిర్వహించారు. 1879లో అక్కడే మరణించారు. ఆయన సేకరించిన పుర్రెలు, అస్థిపంజరాలు బెర్లిన్‌లోని వ్యవసాయ విద్యాసంస్థకు చేరాయి. ఒక రకంగా అది అదృష్టమే. 1945లో, యుద్ధం ముగిసిన ఏడాది, హుండిస్‌బుర్గ్ భవనం తగలబడింది. సోవియట్ సేనల ఆధీనంలోని ఆ ప్రాంతంలో అదే సంవత్సరం 100 హెక్టార్లు దాటిన ఎస్టేట్లన్నీ పరిహారం లేకుండా స్వాధీనమయ్యాయి. భూస్వామి భవనాలు అనాథలయ్యాయి. కొన్నింటిలో బడులు పెట్టారు, కొన్నింటిలో వలస వచ్చినవారిని ఉంచారు, కొన్నింటిని ఇటుకల కోసం కూల్చారు. హుండిస్‌బుర్గ్ ప్రధాన భాగం దశాబ్దాల పాటు పైకప్పు లేని మొండి గోడలుగా నిలబడింది.

పైకప్పు పోయిన భవనాన్ని మంట కంటే నీరే ఎక్కువ తింటుంది. వాన గోడ పైభాగంలోంచి లోపలికి దిగుతుంది, చలికాలంలో గడ్డకట్టి సుమారు 9 శాతం వ్యాకోచిస్తుంది, సున్నపు గచ్చును పొడి చేస్తుంది. మరుసటి చలికి ఇంకాస్త లోతుకు వెళుతుంది. రెండు జర్మనీలు ఏకమైన తర్వాత, 1991 నుంచి పునరుద్ధరణ మొదలైంది. పైకప్పు, గదులు, బరోక్ తోట దశలవారీగా తిరిగి వచ్చాయి. 16వ శతాబ్దంలో ఆల్వెన్స్‌లెబెన్ కుటుంబం కూడబెట్టిన గ్రంథాలయం కూడా మళ్లీ ఇక్కడికి చేరింది. వేసవిలో యువ సంగీతకారుల శిక్షణ, కచేరీలు జరుగుతాయి. పందుల జాడ మాత్రం లేదు.

నటూజియుస్ అన్న పేరును ఇప్పుడు ఎక్కువగా పలుకుతున్నది పశుపోషకులు కాదు, గబ్బిలాల పరిశోధకులు. 1839లో కైసర్లింగ్, బ్లాజియుస్ అనే ఇద్దరు ప్రకృతి శాస్త్రవేత్తలు ఒక చిన్న యూరప్ గబ్బిలానికి యువ హెర్మాన్ పేరు పెట్టారు. శాస్త్రీయ నామం 'పిపిస్ట్రెల్లస్ నటూజీ'. చెట్ల తొర్రల్లో, బెరడు పగుళ్లలో, ఒక్కోసారి ఇళ్ల చూరుల్లో తలదాచుకుంటుంది. మన బొటనవేలంత శరీరం, బరువు ఏ 6 నుంచి 10 గ్రాములో. అయినా ఏటా శరత్కాలంలో యూరప్ ఈశాన్యం నుంచి నైరుతికి వలస పోతుంది. 2016లో లండన్ శివార్లలో గుర్తు తొడిగి వదిలిన ఒక ఆడ గబ్బిలం 2021లో రష్యాలోని స్కోఫ్ ప్రాంతంలో దొరికింది. ఎగిరిన దూరం 2,018 కిలోమీటర్లు, బరువు 8 గ్రాములు. ఆ ఊళ్లో ఒక పిల్లి దాన్ని పట్టుకుంది.